యంత్రానికి అద్దె, పేరుకి రాయల్టీ

విశాఖ వన్ టౌన్‌లో మిఠాయి కొట్టు నడుపుకునేవాడికి ఉక్కు కర్మాగారం కోర్టు కేసుతో పనేమిటని అడగొచ్చు. పని ఉంది. కురుపాం మార్కెట్ వీధుల్లో రెండు తరాలుగా నిలబడ్డ పేరుని గాజువాకలో ఇంకొకరి బోర్డు మీదికి ఎక్కించి, నెలనెలా డబ్బు తీసుకోవాలనుకుంటే, ఆ డబ్బుని సర్కారు ఏ ఖాతాలో వేసుకుంటుందో తెలియాలి. ఆ దారి ఉక్కు కర్మాగారం ఉన్న కూర్మన్నపాలెం మీదుగానే పోతుంది.

1980ల నడిమి రోజులు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో రాష్ట్రమంతా ఊగిపోయింది, ఈ ఊళ్లోనే తుపాకి గుళ్లకి ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత ఏళ్లూ పూళ్లూ గడిచి, 1982 ఫిబ్రవరి 18న రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్ పుట్టింది. అప్పుడు కదిలింది పని. అయితే అంత పని నిగమ్ ఒక్కటీ చేసుకోలేదు. ముక్కలు చేసి కాంట్రాక్టర్లకి పంచింది. ఆ పనికి కావాల్సిన భారీ యంత్రాలు ఎవరికి వాళ్లు కొనుక్కోవాలంటే అయ్యేది కాదు కాబట్టి, యంత్రాలు తానే సమకూర్చి, వాడుకున్నందుకు అద్దె పట్టుకుంది. సైట్‌లో ఉన్నంతకాలం యంత్రం జాగ్రత్త కాంట్రాక్టరుదే. కానీ దాంతో ఆ ప్రాజెక్టు పనే చెయ్యాలి. వేరే పనికి వాడకూడదు, బయటికి తీసుకుపోకూడదు.

ఈ అద్దె లెక్క విశాఖపట్నం కంపెనీ సర్కిల్ వాణిజ్య పన్నుల అధికారి కంట పడింది.

కొన్నేళ్ల ముందైతే ఆ కాగితాన్ని ఆయన పక్కన పెట్టేసేవాడే. అమ్మకం పన్ను పడాలంటే అమ్మకం ఉండాలి; అద్దె అమ్మకం కాదు. అయితే 1982లో వచ్చిన 46వ రాజ్యాంగ సవరణ ఈ గీతని జరిపింది. వస్తువుని వాడుకునే హక్కుని బదిలీ చేసినా అమ్మకం కిందే లెక్కగట్టి పన్ను వెయ్యొచ్చని రాష్ట్రాలకి దారి తెరిచింది. ఆంధ్రప్రదేశ్ తన 1957 నాటి జనరల్ సేల్స్ టాక్స్ చట్టంలో 5-ఇ అనే సెక్షన్ చేర్చుకుంది. అలా బదిలీ చేసి తీసుకున్న మొత్తం మీద రూపాయికి 5 పైసలు పన్ను. శాఖ ఆ సెక్షన్ని నిగమ్ అద్దెల మీద పెట్టింది. నిగమ్ హైకోర్టుకి వెళ్లింది.

తీర్పులో మిగిలిన వాదనల్ని సంభాషణగా మారిస్తే ఇలా ఉంటుంది.

‘యంత్రం కాంట్రాక్టరు చేతిలో ఉందా?’ అంటుంది శాఖ.

‘ఉంది’ అంటుంది నిగమ్.

‘అద్దె కడుతున్నాడా?’

‘కడుతున్నాడు.’

‘దాని జాగ్రత్తకి పూచీ అతనిదేనా?’

‘అతనిదే.’

‘మరి హక్కు బదిలీ కాలేదంటారేం?’

‘రేపు పొద్దున ఆ యంత్రాన్ని అతను ఇంకో ఊళ్లో ఇంకో పనికి తోలుకుపోగలడా? కనీసం గేటు దాటించగలడా? వాడేది అతనే గానీ, ఏ పనికి వాడాలో, ఎక్కడ వాడాలో చెప్పేది మేము. పట్టు మా దగ్గరే ఉంది.’

హైకోర్టు నిగమ్ మాటే ఒప్పుకుంది. యంత్రం కాంట్రాక్టరు వాడుకలో ఉన్నా దాని మీద అసలైన అదుపు నిగమ్ చేతిలోనే ఉంది కాబట్టి హక్కు బదిలీ కాలేదు, పన్ను చెల్లదు అంది. ఆ తీర్పు 1990లో సేల్స్ టాక్స్ కేసెస్ 77వ సంపుటంలో 182వ పేజీన అచ్చయింది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఒక పుష్కరం తర్వాత, 2002లో, సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. జాగ్రత్త చూసుకునే పూచీ కాంట్రాక్టరుదైనంత మాత్రాన అదుపు చేతులు మారినట్టు కాదని ప్రత్యేకంగా చెప్పింది.

నా మట్టుకు నాకు ఈ కేసులో నచ్చేది ఒకటుంది. ఒప్పందం పైన అద్దె అని రాసుందా, ఇంకేదైనా రాసుందా అన్నదాని దగ్గర కోర్టు ఆగిపోలేదు. లోపలి షరతులు చదివింది. ఎవరు ఎవరికి కాదని చెప్పగలరో చూసింది. ఫ్రాంచైజీ ఒప్పందం రాసుకునే ప్రతి కొట్టువాడూ చూసుకోవాల్సింది అదే. కానీ మనవాళ్లు ముందు చూసేది రాయల్టీ ఎంత శాతం అన్నది.

యంత్రానికి ఒక సుగుణం ఉంది. ఒక సమయంలో ఒక్కచోటే ఉంటుంది. పేరు అలా కాదు. గాజువాకలో ఒకడికిచ్చిన రోజే అనకాపల్లిలో ఇంకొకడికీ ఇవ్వొచ్చు, వన్ టౌన్ కొట్టు మీదా ఉంచుకోవచ్చు. 2006లో భారత్ సంచార్ నిగమ్ కేసులో సుప్రీంకోర్టు హక్కు బదిలీకి కొన్ని గుర్తులు చెప్పింది. ఒకరికి ఇచ్చిన కాలంలో అదే హక్కుని ఇచ్చినవాడు మరొకరికి ఇవ్వలేకపోవడం వాటిలో ఒకటి. ఈ గుర్తుతో కొలిస్తే ఫ్రాంచైజీ హక్కు బదిలీ కిందికి రాదు. ఒకే పేరుని పదిమందికి పంచడమే కదా ఫ్రాంచైజీ అంటే.

అయినా రాష్ట్రాలు అంత తేలిగ్గా వదల్లేదు. కేంద్రం 2003 జులై 1 నుంచి ఫ్రాంచైజీ మీద సేవా పన్ను మొదలుపెట్టింది. అదే రాయల్టీ మీద రాష్ట్రాల వాణిజ్య పన్నుల శాఖలు వ్యాట్ అడిగాయి. ట్రేడ్‌మార్క్ కూడా ఒక వస్తువేనని, దాన్ని వాడుకునే హక్కు బదిలీ అవుతోందని వాటి వాదన. ఒకే రూపాయికి రెండు వైపుల నుంచీ నోటీసులు. సబ్‌వే కంపెనీ 2016లో బొంబాయి హైకోర్టులోనూ, మెక్‌డొనాల్డ్స్ 2017లో ఢిల్లీ హైకోర్టులోనూ గెలిచాయి. ఇది సేవే, అమ్మకం కాదు అని. ఆ పాటి లాయర్లని పెట్టుకునే స్తోమత వాళ్లకుంది. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చి ఈ తగువు వేళ్లే పీకేసింది. పేరు వాడుకోనిచ్చినా, యంత్రం వాడుకోనిచ్చినా రెండూ సేవలేనని చట్టం రెండో షెడ్యూలులో రాసేశారు. ట్రేడ్‌మార్క్ లైసెన్సు మీద రేటు 12 శాతమా, 18 శాతమా అన్న గొడవ మాత్రం 2021 అక్టోబరు 1న అన్నీ 18 అయ్యేదాకా నడిచింది.

ఇక వన్ టౌన్‌కి వద్దాం. ఇక్కణ్ణుంచి చెప్పేది ఫలానా కొట్టు సంగతి అని ఎవరూ వేలు చూపక్కర్లేదు. కురుపాం మార్కెట్‌కీ బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికీ మధ్య ఎక్కడైనా ఉండగల కొట్టుని, అందులోని మనుషుల్ని నేనే కల్పించుకున్నాను. చట్టం మాత్రం ఉన్నది ఉన్నట్టే.

తండ్రి వేసిన పునాది మీద కొడుకు నిలబెట్టిన మిఠాయి కొట్టు. హల్వా, సున్నుండలు, కాజాలు. మార్గశిర గురువారాల్లో అమ్మవారి దర్శనానికి వచ్చే జనంతో ఊపిరి సలపదు. ఏడాది అమ్మకం 80 లక్షలు. కాంపోజిషన్ పథకంలో ఉన్నారు: అమ్మకం మీద 1 శాతం, అంటే ఏడాదికి 80 వేలు కట్టేస్తే అయిపోయింది. కొనేవాళ్ల దగ్గర పన్ను వసూలు చెయ్యకూడదు. కొన్న సరుకు మీద కట్టిన పన్ను తిరిగి రాదు. లెక్కల తలనొప్పి తక్కువ.

గాజువాక నుంచి ఒకాయన వచ్చాడు. మీ పేరు మీద మా దగ్గర కొట్టు పెడతాను, చేరేటప్పుడు 5 లక్షలు, తర్వాత నా అమ్మకంలో 6 శాతం ఇస్తాను అన్నాడు. నెలకి 5 లక్షలు అమ్ముతానని అతని అంచనా. కొడుకు మొహం వెలిగింది. తండ్రి మాత్రం సంతకానికి ముందు ఆడిటర్ దగ్గరికి పదమన్నాడు.

‘చేరినందుకు 5 లక్షలు, ఏడాది రాయల్టీ 3 లక్షల 60 వేలు. మొత్తం 8 లక్షల 60 వేలు’ అని ఆడిటర్ కాగితం మీద రాసుకున్నాడు. ‘బాబాయ్ గారూ, మీరు కాంపోజిషన్లో ఉన్నారు. వస్తువులు అమ్ముకునేవాళ్ల పథకం అది. సేవల కింద ఎంతో కొంత తీసుకోవచ్చు గానీ దానికో హద్దుంది. కిందటేడు అమ్మకంలో 10 శాతమో, 5 లక్షలో, ఏది ఎక్కువైతే అది. మీకు 8 లక్షలు.’

‘అయితే 60 వేలు ఎక్కువయ్యిందంటారా?’

‘అయ్యింది. ఆ హద్దు దాటిన రోజు నుంచి మీరు పథకంలో లేనట్టే. గాజువాక రాయల్టీ ఒక్కటే కాదు, ఇక్కడ వన్ టౌన్ కౌంటర్లో అమ్మే ప్రతి హల్వా పొట్లం మీదా మామూలు పన్ను పడుతుంది. 7 రోజుల్లో సి.ఎం.పి.-04 ఫారం పెట్టాలి. పెట్టకుండా 1 శాతమే కట్టుకుంటూ పోతే, రెండు మూడేళ్ల తర్వాత తేడా మొత్తం, దాని మీద 18 శాతం వడ్డీ, ఆ పైన పెనాల్టీ.’

‘పేరిచ్చింది గాజువాకలో కదండీ. మా కొట్టు మీద పడతారేటి?’ పెద్దాయన గొంతు పెరిగింది.

‘పాన్ ఒక్కటే కదండీ.’

ఇక్కడ ఒక సంగతి కలిపి చెప్పాలి, ఎందుకంటే దీనికంటే చిన్న కొట్లు వన్ టౌన్‌లో బోలెడు. వస్తువులు మాత్రమే అమ్ముకునేవాడికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అక్కడ ‘మాత్రమే’ అన్న మాటలోనే మెలిక ఉంది. 30 లక్షలు అమ్మే కొట్టువాడు పేరు అద్దెకిచ్చి నెలకి వెయ్యి రూపాయలు తీసుకున్నా సేవ చేసినవాడవుతాడు. అతని హద్దు 20 లక్షలకి దిగిపోతుంది. వెయ్యి రూపాయల కోసం మొత్తం కొట్టు పన్ను వలలోకి వెళ్లినట్టే. ఈ మాట చెబితే నమ్మనివాళ్లే ఎక్కువ.

కొడుక్కి ఒక ఉపాయం తట్టింది. ‘రాయల్టీ అని ఎందుకండీ? గాజువాకాయన మన బిల్లు పుస్తకం మీదే అమ్ముతాడు, కమీషను మనమే ఇద్దాం.’

ఉక్కు నిగమ్ కేసులో నలిగిన ప్రశ్న, అదుపు ఎవరిదన్నది, ఇప్పుడు మిఠాయి కౌంటరు మీదికి వచ్చింది. బిల్లు మీది, సరుకు మీది, ధర మీది అయితే గాజువాకాయన మీ ఏజెంటు, అమ్మకం మీదే. 80 లక్షలకి అతని 60 లక్షలు కలిసి 1 కోటి 40 లక్షలు అవుతుంది. కాంపోజిషన్‌కి పైహద్దు కోటిన్నర. ఒక దసరా, ఒక దీపావళి బాగా గిరాకీ అయితే అదీ దాటిపోతుంది. పైగా నష్టం వస్తే అదీ మీదే. సరుకు అతను కొనుక్కుని, తన బిల్లు మీద, తన సొంత పూచీతో అమ్ముకుంటూ, మీరు చెప్పిన తీరులో చేస్తూ మీ పేరు వాడుకుంటేనే ఫ్రాంచైజీ. రెండిట్లో ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఒప్పందంలో ఒకటి రాసుకుని కౌంటర్లో ఇంకోటి చేస్తే, అధికారి చదివేది కౌంటర్నే.

‘సరే, పథకం వదిలేస్తే ఎంత పడతాది?’ అన్నాడు పెద్దాయన.

మిఠాయి మీద 5 శాతం. ధరలు పెంచకుండా అదే 80 లక్షల్లోంచి పన్ను తీస్తే 3 లక్షల 81 వేలు అవుతుంది. అందులోంచి కొన్న సరుకు మీద కట్టింది క్రెడిట్ కింద తీసేసుకోవచ్చు. పంచదార, జీడిపప్పు, నెయ్యి, కొట్టు అద్దెకి జి.ఎస్.టి. బిల్లు ఉంటే అదీ. నెయ్యి మీద 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5కి దిగింది. కొనేవాడికి ఇది మంచి వార్తే గానీ క్రెడిట్ కూడా ఆ మేరకు తగ్గింది. విడి పాల మీద పన్ను లేదు, కాబట్టి రావాల్సిందీ లేదు. ఎటు చూసినా 80 వేలతో పోయేది కాదు. అయితే ఇంకో వైపు కూడా ఉంది. కాంపోజిషన్ కొట్టు దగ్గర సరుకు కొన్న గాజువాకాయనకి క్రెడిట్ ఒక్క రూపాయి రాదు. మామూలు పథకంలోకి వస్తే వస్తుంది. ఫ్రాంచైజీలు పెరగాలంటే ఎప్పటికైనా ఈ గడప దాటాల్సిందే. ఎప్పుడు దాటాలో మనం ఎంచుకోవడం మేలు. హద్దు మనల్ని తోసేదాకా ఆగితే లెక్కలన్నీ నడి ఏడాదిలో తిరగరాయాలి.

ఇక ఆ 5 లక్షలు. మామూలు పథకంలో దాని మీద 18 శాతం, 90 వేలు. బిల్లు మీద కోడ్ 997336, ట్రేడ్‌మార్కులూ ఫ్రాంచైజీలూ వాడుకోనిచ్చే సేవ. ఒప్పందంలో ‘పన్ను అదనం’ అని రాసుకోకపోతే ఏమవుతుంది? గాజువాకాయన 5 లక్షలే ఇస్తాడు. అందులోంచే 76 వేల 271 రూపాయలు సర్కారుకి పోతుంది. రెండు మాటలు రాసుకోనందుకు పడే ఖరీదు అది.

అతనికెంత పడుతుందన్నది అతను ఏం అమ్ముతాడో దాన్ని బట్టి ఉంటుంది. మిఠాయి పొట్లాలు కట్టి అమ్మే మామూలు డీలరైతే ఈ 90 వేలు తన పన్నులో సర్దుకుంటాడు. నాలుగు బల్లలు వేసి టిఫిన్లు పెట్టి హోటల్ చేశాడనుకోండి, అక్కడ 5 శాతం పన్ను, క్రెడిట్ లేదు. 90 వేలు చేతిలోంచి పోయినట్టే. రెండూ ఒకే కప్పు కింద పెడితే కౌంటరు లెక్కలూ బల్లల లెక్కలూ వేరుగా ఉంచుకోవాలి, లేకపోతే అదో తగువు. ఒకే ఫీజు ఒకరికి 5 లక్షలు, ఇంకొకరికి 5 లక్షల 90 వేలు. బేరం ఆడేటప్పుడు అవతలివాడి వంటగది చూసి రావాలన్నమాట.

తిరిగిచ్చే షరతు మీద తీసుకునే డిపాజిట్‌కి పన్ను లేదు. బాకీ పడ్డ రాయల్టీకి దాన్ని సర్దుకున్న రోజున వస్తుంది.

ఆదాయపు పన్ను సంగతి వచ్చేసరికి పెద్దాయనకి కోపం వచ్చింది. కిందటేడు అమ్మకం కోటి దాటిన మనిషి రాయల్టీ కడితే, ఏడాదికి 50 వేలు మించినప్పుడు 10 శాతం కోసుకుని మిగతాదే ఇవ్వాలి.

‘నా డబ్బు కోసేస్తాడేటండీ వాడు?’

‘కోసి తన జేబులో వేసుకోడు. మీ పాన్ మీద సర్కారుకి కడతాడు. మీరు రిటర్ను వేసినప్పుడు అది మీ పన్నులో జమ అవుతుంది. కట్టాడో లేదో చూసుకోండి, అంతే.’

గాజువాకాయనకి కూడా ఒక మాట చెప్పి పంపాడు ఆడిటర్. చేరడానికి కట్టిన 5 లక్షలు ఆ ఏడాది ఖర్చు కింద ఒక్కసారే రాసుకుందామని అనుకోవద్దు. ఫ్రాంచైజీ హక్కు కంటికి కనబడని ఆస్తి కిందికి వస్తుంది, ఏడాదికి 25 శాతం చొప్పున తరుగు. మొదటి ఏడాది లక్షా 25 వేలు. ఆ ఏడాది 180 రోజులకంటే తక్కువ వాడితే అందులో సగమే. ఇటు వన్ టౌన్ వైపు, తిరిగివ్వక్కర్లేని ఫీజు మామూలుగా వచ్చిన ఏడాదే ఆదాయం. ఒకరి పుస్తకంలో ఒక్కసారి పండేది, ఇంకొకరి పుస్తకంలో ఏళ్ల తరబడి అరుగుతుంది.

‘బోర్డు మీద ఉన్న పేరు ఎవరిదండీ?’ అని ఆడిటర్ మెల్లిగా అడిగాడు. తండ్రీ కొడుకులు మొహాలు చూసుకున్నారు. కొట్టు కొడుకు పేరున ఉంది. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ దరఖాస్తు తండ్రి పేరున. గాజువాక ఒప్పందం మీద సంతకం పెట్టబోయేది కొడుకు. పేరు తండ్రిదైతే కొడుకు దాన్ని ఏ హక్కుతో ఇస్తాడు? తండ్రి ముందు కొడుక్కి రాసిస్తే, ఇద్దరూ సంబంధీకులు కాబట్టి డబ్బు తీసుకోకపోయినా పన్ను ప్రశ్న పుడుతుంది. ఒక సాయంత్రం కూర్చుని తేల్చుకోవాల్సిన ఇంటి విషయం ఇది, కానీ నా అనుభవంలో ఇళ్లల్లో ఆలస్యంగా తేలేవి ఇవే.

‘మరి ఫ్రాంచైజీ వద్దు, గాజువాకలో మన సొంత బ్రాంచే పెడితే?’ అన్నాడు కొడుకు.

అప్పుడు పన్ను దారి వేరు. అదే రాష్ట్రంలో అదే రిజిస్ట్రేషన్ కింద ఇంకో చోటు చేర్చుకుంటే వన్ టౌన్ నుంచి సరుకు వెళ్లినా పన్ను లేదు, చలానా రాస్తే చాలు. పెట్టుబడి మాత్రం మనదే, నష్టమూ మనదే. జయపురంలో ఉన్న మేనమామ కొడుకు కూడా కొట్టు అడుగుతున్నాడని కొడుకు గుర్తు చేశాడు. అది ఒడిశా. సొంత బ్రాంచైనా అక్కడ వేరే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. మన కొట్టు నుంచి మన కొట్టుకే సరుకు పంపినా పన్ను వేసి పంపాలి. కాంపోజిషన్లో ఉన్నవాడైతే రాష్ట్రం దాటించి అమ్మనే కూడదు. హల్వా జయపురం వెళ్లాలంటే పథకం వదలక తప్పదు.

పెద్దాయన చాలాసేపు లెక్క చూసుకున్నాడు. గాజువాకకి ఫ్రాంచైజీ, ఏప్రిల్ 1 నుంచి; అదే రోజు పథకం వదిలెయ్యడం; ‘పన్ను అదనం’ అన్న మాట ఒప్పందంలో మొదటి పేజీలో. పేరు సంగతి ఇంట్లో తేల్చుకుంటామన్నాడు.

‘ఒకటి మర్చిపోకండి’ అన్నాడు ఆడిటర్. ‘పథకం వదిలిన రోజు గోడౌన్లో ఉన్న నెయ్యి, పంచదార, డబ్బాలు అన్నీ రాసుకోండి. వాటి మీద కట్టిన పన్ను వెనక్కి తీసుకోవచ్చు. 30 రోజుల్లో ఐ.టి.సి.-01 వెయ్యాలి. కొని ఏడాది దాటిన బిల్లులు పనికిరావు.’

‘పూర్ణా మార్కెట్లో చీటీ మీద రాసిస్తారు కదండీ, అది సరిపోదా?’

‘దాని మీద జి.ఎస్.టి. నంబరుంటుందా?’

పెద్దాయన కొడుకు వైపు తిరిగాడు. ‘ఏరా, పంచదార ఎవరి దగ్గర తెస్తన్నావు?’

‘మీరు చెప్పిన షావుకారు దగ్గరే నాన్నా. బిల్లయితే కేజీకి రెండు రూపాయలు ఎక్కువంటే, వద్దన్నారు కదా మీరే.’

‘ఆ రెండూ ఇచ్చి బిల్లు తెచ్చెయ్, ఈ నెల నుంచే.’